బావిలో నీళ్లు పోయకూడదు

బోర్లు ఇంకా రాని రోజుల మాట. అనంతపురం సీమలో పెన్న ఒడ్డున ఒక ఊరుండేది. నది ఒడ్డు అని పేరేగానీ ఏడాదిలో పది నెలలు అక్కడ కనిపించేది ఇసుకే. ఊళ్లో దాదాపు ప్రతి పెరట్లోనూ ఒక చేదబావి. వరుసగా మూడేళ్లు వానలు మొహం చాటేసేసరికి గట్టు మట్టి జారి, రాలిన ఆకులు కుళ్లి, పగిలిన కుండలు పడి బావులన్నీ పూడుకుపోయాయి. చేద వేస్తే బురదే వచ్చేది.

ఆ ఊళ్లో రామాంజి అని ఇరవై ఏళ్ల కుర్రవాడు. తెల్లవారకముందే లేచి పెన్న ఇసుకలో చెలమ తోడి, రెండు కడవలు నింపుకుని, కావడి భుజానికెత్తుకునేవాడు. నడవలేని ముసలివాళ్లకు, బాలింతలకు, మగదిక్కు లేని ఇళ్లకు నీళ్లు పోసి వచ్చేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. కడవ దించిన చోట కాసేపు కూర్చుని వాళ్ల కష్టసుఖాలు వినేవాడు, తనకు తోచిన సలహా చెప్పేవాడు. "నీ చెయ్యి చల్లన నాయనా, నువ్వు రాకుంటే మా గతేమి?" అని లక్షుమ్మవ్వ అన్నప్పుడల్లా అతనికి కడుపు నిండిపోయేది. ఏ ఇంటివాళ్లయినా ఒక పూట పిలవకపోతే మాత్రం ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగేవాడు.

పక్క పల్లెలో ఓబులేసు అని బావుల పూడిక తీసే పెద్దాయన ఉన్నాడు. రామాంజి ఆయన దగ్గరికి వెళ్లాడు.

"మామా, నీ పని నాకు నేర్పు. జనం కష్టం చూడలేకుండా ఉండాను. ఊరంతా నన్ను నమ్ముతుంది. దినామూ నీళ్లు మోసే బదులు బావులే బాగుచేస్తే మేలు గదా."

ఓబులేసు మోకు పేనుతూ తలెత్తాడు. "మీ పెరట్లో బావి ఎట్లుందబ్బీ?"

రామాంజి నోట మాట రాలేదు. తల్లి పోయిన ఏడు తండ్రి ఆ బావి మీద ముళ్లకంప కప్పేశాడు. ఎందుకని కొడుకు అడగలేదు, తండ్రి చెప్పలేదు. అప్పటినుంచీ ఇద్దరూ పెరటి వైపు చూడకుండానే బతుకుతున్నారు.

"ఆ బావి సంగతి ఎందుకులే మామా. మా ఇంటికి చెలమ నీళ్లు చాలు."

"నీ బావిలోకి దిగలేనోడివి ఊరోళ్ల బావుల్లోకి ఎట్ల దిగుతావు? దిగినా, యాడ ముల్లు గుచ్చుకున్నా అది మీ ఇంటి ముల్లే అనుకుంటావు. ముందు ఆ కంప తియ్యి. తాడు నేను పడతా."

మరునాడు కంప తీశారు. ఓబులేసు వెంటనే దిగనివ్వలేదు. లాంతరు వెలిగించి తాడుకు కట్టి అడుగు దాకా దించాడు. "పాతబావిలో చెడుగాలి నిలిచి ఉంటాది. దీపం ఆరిన చోట మనిషీ ఆరిపోతాడు. అది చూసి కూడా దిగేవాణ్ని ధైర్యవంతుడు అనరు" అన్నాడు. దీపం నిలిచింది. అప్పుడు రామాంజి నడుముకు మోకు కట్టి దించాడు.

మూడో రోజు పారకు ఏదో ఖణేలుమని తగిలింది. బురద తుడిచి చూస్తే అమ్మ ఇత్తడి చెంబు. రామాంజి ఆ బురదలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పైనుంచి ఓబులేసు ఏడవద్దని అనలేదు. పైకి వచ్చేయమనీ అనలేదు. వదులుగా ఉన్న తాడును కొంచెం బిగించి పట్టుకున్నాడు, పైన మనిషి ఉన్నాడని నడుముకు తెలిసేటంత. చాలాసేపటికి రామాంజి తనంతట తానే పైకొచ్చాడు. ఆ రాత్రి తండ్రి చింతపండుతో ఆ చెంబు తోమాడు. తల్లి పోయాక మొదటిసారి తండ్రీకొడుకులు ఆమెను గురించి మాట్లాడుకున్నారు. మరో వారానికి ఆ బావిలో ఊట పడింది.

ఆ తర్వాత రెండేళ్లు రామాంజి ఓబులేసు వెంట తిరిగాడు. పై మనిషి లేనిదే ఏ బావిలోనూ దిగరాదని నేర్చుకున్నాడు. గోడ నీడ గుర్తు పెట్టుకున్న రాయి మీదికి రాగానే పని ఎంత మిగిలినా పైకి రావాలని నేర్చుకున్నాడు. ఒకనాడు "ఇంకొంచెమే ఉంది మామా" అని లోపలినుంచి అరిస్తే, "బావి రేపూ ఇక్కడే ఉంటాది. నువ్వు ఉండాలంటే ఎక్కు" అన్నాడు ఓబులేసు.

ఒక ఇంటి బావిలో తాళిబొట్టు దొరికింది. ఇంకో ఇంటి బావిలో తుప్పు పట్టిన కొడవలి దొరికింది. రెండింటినీ ఓబులేసు గుడ్డలో చుట్టి ఆ ఇంటివాళ్ల చేతికే ఇచ్చాడు. రచ్చబండ దగ్గర ఎవరు ఎంత గుచ్చి అడిగినా పెదవి విప్పలేదు. "బావిలో చూసింది బావిలోనే ఉండాల. గట్టు కూలి ఎవరైనా పడేటట్టు ఉంటే మాత్రం దాచరాదు. ప్రాణం ముందు, మాట తర్వాత" అని చెప్పాడు. మరోచోట పలుగుకు నల్లబండ తగిలింది. రామాంజి రెండు రోజులు దాంతో కుస్తీ పట్టాడు. ఓబులేసు పలుగు లాక్కుని, "ఇది మన చేతి పని కాదు, మందు పెట్టేవాళ్లను పిలిపించు" అన్నాడు. వాళ్లొచ్చి బండ పగలగొట్టి వెళ్లాక మిగతా పూడిక వీళ్లే తీశారు.

రెండేళ్లు గడిచాక రామాంజికి మొదటి బావి అప్పగించాడు. అది లక్షుమ్మవ్వ బావి. తాడు పట్టడానికి మాత్రం తానే వచ్చాడు.

వారం గడిచింది. బురద, రాళ్లు, మళ్లీ బురద. అవ్వ రోజూ సాయంత్రం గట్టు దగ్గరికి వచ్చి, "నీళ్లెప్పుడు నాయనా?" అని అడిగేది. ఆమె మొహం చూస్తే రామాంజికి ప్రాణం ఉసూరుమనేది. ఒక రాత్రి ఎవరూ చూడకుండా చెలమ నుంచి రెండు కడవలు తెచ్చి బావిలో పోశాడు. తెల్లవారి అవ్వ చేద వేస్తే నీళ్లు వచ్చాయి. ఆమె అతని చెంపలు నిమిరి, "దేవుడివి నాయనా" అంది. రెండో రాత్రీ పోశాడు.

మూడో రోజు ఓబులేసు చేదలో నీళ్లు దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఇది చెలమ నీళ్ల రుచి."

రామాంజి తల వంచుకున్నాడు.

"అడుగంతా నువ్వే తడిపేస్తే ఊట యాడ చెమరుస్తాందో ఎట్ల కనపడతాది? తీసిన మట్టి మళ్లీ జారింది. నాలుగు దినాల పని వెనక్కి పోయింది. అది పోనీలే, మళ్లీ చేసుకోవచ్చు. అవ్వకు ఏమి చెప్తావు? ఆమె ఇప్పుడు తన బావిని నమ్ముతాందా, నీ కడవను నమ్ముతాందా?"

"ఆమె దప్పిక చూడలేకపోయినా మామా."

"దప్పిక మూడేండ్లుగా చూస్తానే ఉండావు. ఆమె నిన్ను మెచ్చుకోని దినాన్ని చూడలేకపోయినావు."

రామాంజి వెళ్లి అవ్వకు జరిగింది చెప్పాడు. ఆమె కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. అతను మాట్లాడించే ప్రయత్నం చేయకుండా బావిలోకి దిగి తన పని తాను చేశాడు. మూడో రోజు అవ్వ తనే గట్టు దగ్గరికొచ్చి మట్టి గంపలు అందుకోవడం మొదలుపెట్టింది. తన పెళ్లినాడు ఈ బావి నీళ్లతోనే ఊరికి వంట చేశారనీ, ఈశాన్య మూల నుంచి నీళ్లు బుడగలు వేస్తూ వచ్చేవనీ చెప్పింది. అన్నాళ్లూ ఆ మూల సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. రామాంజి ఆ మూల పలుగు పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. ఇసుక చెమర్చింది. సాయంత్రానికి చిటికెన వేలంత ధార పారింది.

నెలలు గడిచాయి. ఒకరోజు రామాంజి అవ్వ ఇంటి ముందు నుంచి వెళ్తున్నాడు. ఆమె నీళ్లు చేదుకుని వంగమొక్కలకు పోసుకుంటోంది. పక్కింటావిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. అతణ్ని చూసి చెయ్యి ఊపి మళ్లీ తన పనిలో పడిపోయింది. రామాంజి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. నేరుగా ఓబులేసు దగ్గరికి వెళ్లాడు.

"అవ్వ నన్ను పిలవడం మానేసింది మామా."

"ఎందుకు పిలవాల? నీళ్లు ఉండాయి గదా."

రామాంజి ఊరుకున్నాడు. ఓబులేసు దగ్గరగా జరిగాడు. "వాళ్లు కొలిచి పోసే గింజలు మన కూలి అబ్బీ. వాళ్లు మనల్ని మరిచిపోవడం దాని మీద కొసరు. ఆ కొసరు పుచ్చుకునేటప్పుడు నీ మనసు చిన్నబోతే దాన్ని దాచుకోవద్దు. ఇట్లనే వచ్చి నాకు చెప్పు. చెప్పినన్నాళ్లూ నువ్వు ఈ పనికి పనికొస్తావు."

ఆనాటి నుంచి రామాంజి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తప్ప కావడి ఎత్తలేదు.

నీతి

ఎదుటివారి బావిలో నీళ్లు పోయడం దయ. ఊట పడేదాకా పూడిక తీయడం వృత్తి. దయ లేనిదే ఆ వృత్తిలోకి రాకూడదు, దయ ఒక్కటే పట్టుకుని కూడా రాకూడదు. తాను అక్కరలేని రోజు కోసం పనిచేయగలవాడికే అది తగిన పని.

సైకోథెరపిస్టు కావాలని ఆలోచిస్తున్న యువతీయువకుల కోసం ఈ కథ చెప్పాను. "స్నేహితులందరూ తమ బాధలు నాకే చెప్పుకుంటారు, నేను బాగా వింటాను, అందుకే ఈ రంగం" అని చాలామంది అంటారు. అది మంచి లక్షణమే. రామాంజికీ అది ఉంది. అయితే స్నేహితుడు ఓదారుస్తాడు, సలహా ఇస్తాడు, తన అనుభవం చెబుతాడు. థెరపిస్టు వీటిలో చాలావాటిని ఆపుకోవడం నేర్చుకోవాలి. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో మనిషి మారడానికి చికిత్సకుడిలో ఉండాల్సిన గుణాలు చెప్పాడు: ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడగలగడం, షరతులు పెట్టకుండా గౌరవించడం, లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండటం. పరిష్కారాలు అందించడం ఆ జాబితాలో లేదు. 1960లలో ఏరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ దారి వేరు. అక్కడ ఇంటిదగ్గర చేయాల్సిన అభ్యాసాలుంటాయి, లెక్కలుంటాయి. అక్కడ కూడా "నేను దేనికీ పనికిరాను" అనుకునే మనిషికి "నువ్వు గొప్పవాడివి" అని చెప్పి పంపరు. ఆ ఆలోచనకు సాక్ష్యం ఏమిటో అతనే వెతికి చూసేలా పక్కన కూర్చుంటారు. ఈశాన్య మూల సంగతి అవ్వకే తెలుసు, ఆమెనే అడగాలి.

ఇక సొంత బావి. ఈ వృత్తి వైపు వచ్చేవారిలో చాలామందిని లాక్కొచ్చేది తమ ఇంట్లోని గాయమే. తాగుడు మానని తండ్రి, మంచం దిగని తల్లి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన అన్న. ఆ గాయం అనర్హత కాదు. కంప కప్పి ఉంచడమే ప్రమాదం. అప్పుడు ఎదుట కూర్చున్న ప్రతి తాగుబోతులోనూ మీ నాన్నే కనిపిస్తాడు. చికిత్సకులు తామూ చికిత్స పొందాలని పట్టుబట్టిన మనోవిశ్లేషణ ఆద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, 1937లో రాసిన వ్యాసంలో సుమారు ఐదేళ్లకోసారి మళ్లీ ఆ పని చేయాలన్నాడు. మీ కోర్సు అడిగినా అడగకపోయినా, ఎదుటివారి కుర్చీలో కొన్ని నెలలు మీరు కూర్చోండి.

పైన తాడు పట్టే మనిషిని ఈ రంగంలో సూపర్‌వైజర్ అంటారు. ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో ఈ వృత్తి పుట్టుకలోనే కనిపిస్తుంది. 1880 నుంచి 1882 దాకా వియన్నాలో యోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతికి చికిత్స చేశాడు. రోజూ ఆమె దగ్గరికి వెళ్లి ఆమె చెప్పేది విన్నాడు. చెప్పుకున్నకొద్దీ కొన్ని లక్షణాలు తగ్గడం ఇద్దరూ గమనించారు. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో తెచ్చిన పుస్తకంలో ఆమెకు అన్నా ఓ అని మారుపేరు పెట్టారు. మాటలతో చేసే చికిత్సకు అదే తొలి అడుగు అంటారు. అయితే అప్పటికి నియమాలు లేవు, శిక్షణ లేదు, బ్రాయర్‌కు పైన తాడు పట్టే మనిషి లేడు. చికిత్స ఆగిన 1882లోనే ఆమెను స్విట్జర్లాండ్‌లోని ఒక శానిటోరియంలో చేర్చాల్సి వచ్చింది. ఏళ్ల తర్వాత ఆమె నిలదొక్కుకుంది. 1904లో జర్మనీలో యూదు మహిళల సంఘాన్ని స్థాపించి, అనాథలకూ అక్రమ రవాణాకు గురైన ఆడపిల్లలకూ జీవితాంతం అండగా నిలిచింది. ఆమె ఊట ఆమెలోనే ఉంది. కానీ అంతటి వైద్యుడు కూడా ఒంటరిగా దిగకూడని చోట దిగాడు. ఇవాళ థెరపీని వారానికోసారి, ముప్పావు గంటో యాభై నిమిషాలో అని హద్దు పెట్టి చేయడం కఠినత్వం కాదు. ఇద్దరినీ కాపాడే పద్ధతి అది.

బావిలో చూసింది బావిలోనే ఉండాలన్న మాటకు మన దేశంలో చట్టబలం కూడా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఇచ్చింది. మన ఊళ్లలో అందరికీ అందరూ బంధువులే కాబట్టి ఈ నియమం ఇక్కడ మరింత బరువైనది. వదిన అడిగినా, పంపించిన డాక్టరు గారి భార్య అడిగినా నోరు కట్టుకోగలగాలి.

నల్లబండ తగిలిందని గుర్తుపట్టడమూ విద్యే. లేని గొంతులు వినపడుతున్నవారికి, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉద్రేకంతో ఊగిపోతున్నవారికి ముందు కావాల్సింది సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో పీజీ చేసిన వైద్యుడు. మందులు రాసేది ఆయనే. థైరాయిడ్ తగ్గినా దిగులూ నీరసమూ కమ్ముకుంటాయి, వాటికి ఎన్ని మాటలు చెప్పినా లాభం లేదు. పంపించాల్సిన చోటికి సకాలంలో పంపించడం మీ ఓటమి అనుకోకండి.

చదువు విషయానికొస్తే, క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ కావాలి. ఎంఏ సైకాలజీ తర్వాత ఆస్పత్రిలో పర్యవేక్షణ కింద రోగులను చూస్తూ చేసే రెండేళ్ల ఎంఫిల్ చాలాకాలం దీనికి రాజమార్గంగా ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌ను తీసేయాలని నిర్ణయించడంతో ఈ కోర్సుల పేర్లు, రూపాలు మారుతున్నాయి. ఫీజు కట్టకముందే మీరు చేరబోయే సంస్థకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మిగతా సైకాలజిస్టులను, కౌన్సెలర్లను నియంత్రించడానికి 2021లో మరో చట్టం వచ్చింది. కొద్దివారాల కోర్సు చేసి గోడకు సర్టిఫికెట్ తగిలించి బోర్డు పెట్టేవాళ్లు మన పట్నాల్లో ఉన్నారు. దీపం దించకుండా దిగేవాళ్లు వాళ్లు. ప్రమాదం వాళ్లకంటే వాళ్లను నమ్మి వచ్చినవారికి ఎక్కువ.

ఇన్ని హెచ్చరికలు చేసింది మిమ్మల్ని వెనక్కి పంపడానికి కాదు. మనుషులు ఎంతో అవసరం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనుల్లో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. వారిలో చికిత్స అందనివారే అత్యధికులు. రుగ్మతను బట్టి అది 70 నుంచి 92 శాతం. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలీ మానస్ పేరుతో 14416 అనే సహాయ ఫోన్ నంబరు తెచ్చింది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అయినా ఎదురుగా కూర్చుని నెలల తరబడి ఓపిగ్గా వినే తెలుగు మనిషి మన జిల్లా పట్టణాల్లో దొరకడం కష్టం. కోర్సంతా ఇంగ్లీషులో చదువుతారు. వచ్చే మనిషి మాత్రం "గుబులుగా ఉంది", "నరాలు లాగుతున్నాయి", "ఏమీ తోచడం లేదు" అంటాడు. ఆ మాటల్లోంచే అతని కథ వినగలిగేవాళ్లు కావాలి. పత్తి పోయిన రైతుకు, ర్యాంకు రాని పిల్లకు, కొడుకు అమెరికాలో ఉండి ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లికి అలాంటివాళ్లు కావాలి.

దరఖాస్తు నింపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా బావిలోకి నేను దిగానా? నా తాడు ఎవరి చేతిలో ఉంది? నేను బాగుచేసిన మనిషి నన్ను పూర్తిగా మరిచిపోయి హాయిగా బతుకుతుంటే నాకు సంతోషం కలుగుతుందా? మొదటి రెండింటికీ జవాబు లేకపోతే కంగారు పడకండి, శిక్షణలో సంపాదించుకోవచ్చు. మూడోదానికి ఇంకా అవునని చెప్పలేకపోతే ఆ సంగతి ఒక పెద్దవారి దగ్గర నిజాయితీగా ఒప్పుకోండి. ఈ వృత్తిలో మీ మొదటి పాఠం ఆ మాటతోనే మొదలవుతుంది.